మీకు తెలుసా? ఆపిల్‌కు అసలు గండం చలికాలం కాదు

నార్వేలోని ట్రోమ్సో ఊరు ఆర్కిటిక్ వలయానికి మూడు వందల కిలోమీటర్లకు పైగా ఉత్తరాన ఉంది. నవంబరు చివర్లో అస్తమించిన సూర్యుడు అక్కడ మళ్ళీ తొంగిచూసేది జనవరి మధ్యలోనే. అలాంటి చోట ఆపిల్ మొక్క నాటితే మొదటి చలికాలానికే కట్టెపుల్ల అయిపోతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ ఊరి వాతావరణ కేంద్రంలో ఇంతవరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత మైనస్ 18.4 డిగ్రీలే. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని సముద్ర ప్రవాహం చలవ అది. ఆ మాత్రం చలిని ఆపిల్ చెట్టు లెక్కచేయదు.

అమెరికాలో మిన్నియాపొలిస్ ఉంది. తెలుగు కుటుంబాలు బాగానే స్థిరపడిన ఊరు కనుక అక్కడి చలి గురించి ఫోన్లలో వినే ఉంటారు. ట్రోమ్సో కంటే ఎంతో దక్షిణాన, 45 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నా మైనస్ 30కి దిగే రాత్రులు అక్కడ కొత్త కాదు. అయినా ఆపిల్ తోటలున్నది మిన్నియాపొలిస్ చుట్టూనే. అమెరికన్లు ఎగబడి కొనే హనీక్రిస్ప్ రకాన్ని 1991లో విడుదల చేసింది మిన్నెసోటా విశ్వవిద్యాలయమే.

కిటుకంతా జూలై నెలలో ఉంది. మిన్నియాపొలిస్‌లో జూలై సగటు 23 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే, ట్రోమ్సోలో సుమారు 12. ఆ కాస్త వెచ్చదనంలోనే చెట్టు పూయాలి, పిందె కట్టాలి, కాయ ఊరాలి, వచ్చే ఏటి పూమొగ్గను లోపల తయారుచేసుకోవాలి, కొత్త కొమ్మను ముదర్చుకోవాలి. ఉత్తరాన అర్ధరాత్రి కూడా వెలుతురుంటుంది గానీ వేడి ఉండదు. చెట్టు బతుకుతుంది, కాయ పండదు.

పుట్టిల్లే చలికొండ

ఆపిల్‌ను చలిదేశాలకు తీసుకెళ్ళి అలవాటు చేశారనుకోవడం పొరపాటు. దాని పూర్వీకులు ఇప్పటికీ కజకిస్థాన్ వైపు తియన్‌షాన్ పర్వతాల మీద అడవిగా పెరుగుతున్నాయి. రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ 1929లో అల్మాటీ చుట్టుపక్కల ఆ అడవులు తిరిగి చూసి, ఆపిల్ పుట్టిల్లు ఇదేనన్నాడు.

దీనికి సైబీరియాలో ఇంకా మొండి దాయాది ఒకటుంది. సైబీరియా అడవి ఆపిల్ అంటారు. కాయ సెంటీమీటరు మించదు, నోట్లో వేసుకుంటే పులుపు, వగరు. తినడానికి దండగే గానీ మైనస్ 40 దాటిన చలికి కూడా చెక్కుచెదరదు. ఉత్తరాది ఆపిల్ పెంపకం చరిత్ర చాలావరకు ఈ పనికిరాని కాయకు పెళ్ళిచూపుల చరిత్రే. దీని మొండితనం కావాలి, దీని సైజు, రుచి వద్దు.

మైనస్ 40 దగ్గర గీత గీసినట్టు ఎందుకు చస్తుంది?

సున్నా డిగ్రీల దగ్గర నీళ్ళు గడ్డకడతాయని బళ్ళో చదువుకున్నాం. అది పూర్తి నిజం కాదు. గడ్డకట్టడం మొదలవ్వాలంటే నీటికి ఏదో ఒక నలుసు ఆసరా కావాలి. ఆ ఆసరా లేకుండా, అతి చిన్న చుక్కగా, శుభ్రంగా ఉన్న నీరు మైనస్ 38 దాకా ద్రవంగానే ఉండిపోగలదు. ఆపిల్ చెట్టు కొయ్యలోని సజీవ కణాలు సరిగ్గా ఈ కిటుకునే వాడుకుంటాయి. బయట మైనస్ 30 ఉన్నా ఆ కణాల్లో నీరు గడ్డకట్టదు.

మైనస్ 40 దగ్గరికి వచ్చేసరికి ఆట ముగుస్తుంది. కణాల్లోని నీరంతా ఉన్నట్టుండి గడ్డకట్టి కణం చచ్చిపోతుంది. సెల్సియస్, ఫారెన్‌హీట్ కొలతలు రెండూ కలిసే అంకె కూడా అదే కావడం కాకతాళీయం. వసంతంలో కొమ్మ కోసి చూస్తే లోపలి కొయ్య గోధుమరంగుకో నలుపుకో తిరిగి ఉంటుంది. పైన బెరడు మాత్రం పచ్చగానే ఉండి, రెండు మూడేళ్ళు చిగురు కూడా వేసి, తోటమాలిని మభ్యపెట్టవచ్చు.

మరి ఆర్కిటిక్ అంచుల్లో బిర్చ్, విల్లో చెట్లు ఎలా బతుకుతున్నాయి? అవి ఈ ఆట ఆడవు. కణంలోని నీటిని మెల్లగా బయటి సందుల్లోకి వదిలి అక్కడ గడ్డకట్టనిస్తాయి. కణం ఎండి ముడుచుకుంటుంది గానీ చావదు. ఎండిపోయినదాన్ని ఎంత చల్లబరిస్తే మాత్రం ఏమవుతుంది? ఆ చెట్లకు కింది గీత అంటూ దాదాపు లేనట్టే.

ఆ కిటుకుతో మైనస్ 196

జపాన్‌లో అకీరా సకాయ్ అనే శాస్త్రవేత్త దీన్ని చివరిదాకా లాగి చూశాడు. చలికాలంలో గట్టిపడిన మల్బరీ కొమ్మలను ముందు మైనస్ 30 దాకా మెల్లగా చల్లార్చి, తర్వాత ద్రవ నైట్రోజన్‌లో ముంచాడు. అంటే మైనస్ 196 డిగ్రీలు. బయటికి తీస్తే కొమ్మలు బతికే ఉన్నాయి. 1960లో ఈ సంగతి ప్రచురించాడు.

దీనివల్ల ఆపిల్‌కు పెద్ద ఉపకారమే జరిగింది. గింజ నాటితే ఆపిల్ తల్లి చెట్టులా రాదు, రకాన్ని నిలబెట్టాలంటే కొమ్మే కావాలి. వేల రకాలను పొలంలో చెట్లుగా కాపాడటం ఖర్చు, ఒక్క తెగులు వచ్చినా ప్రమాదం. అందుకే అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్ ప్రభుత్వ ప్రయోగశాలలో, నిద్రలో ఉన్న ఆపిల్ మొగ్గలను చలికాలంలో కోసి ద్రవ నైట్రోజన్ ట్యాంకుల్లో దాస్తారు. అవసరమైతే తీసి అంటు కడతారు.

నార్వే వారి స్వాల్‌బార్డ్ దీవుల్లో, 78 డిగ్రీల అక్షాంశం మీద, 2008లో తెరిచిన ప్రపంచ విత్తన భాండాగారం గురించి చాలామంది వినే ఉంటారు. మన పటాన్‌చెరు ఇక్రిశాట్ నుంచి జొన్న, శనగ, వేరుశనగ విత్తనాలు కూడా అక్కడికి వెళ్ళాయి. బంగినపల్లి మామిడి మాత్రం వెళ్ళదు. అంటు రకం కావడం ఒక కారణం. మామిడి టెంకను ఎండబెట్టి గడ్డకట్టిస్తే లోపలి జీవం పోతుంది, అది ఇంకో కారణం.

కింద ఒకరు, పైన ఒకరు

బత్తాయి రైతుకు అంటు గురించి చెప్పనక్కర్లేదు. రంగపూర్ నిమ్మ వేరు మీద సాత్‌గుడి కన్ను కట్టడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. చలిదేశాల్లో ఒక మెట్టు పైకి వెళ్ళారు. సైబీరియా అడవి ఆపిల్ మొక్కను నేల దగ్గర కోయకుండా, కాండం, ప్రధాన కొమ్మలు బాగా ఎదగనిస్తారు. ఆ తర్వాత ఒక్కో కొమ్మ మీదా మంచి రకం అంటు కడతారు. చలికి మొదట దెబ్బతినేది కాండం, కొమ్మలు చీలే పంగలు. అవి మొండిదానివి. పైన కాసే భాగం మాత్రమే సుకుమారిది. ఒక ఏడాది చలికి పై కొమ్మలు పోయినా చెట్టు మిగులుతుంది, మళ్ళీ అంటు కట్టుకోవచ్చు.

నేలమీద పాకే తోట

నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చింది సైబీరియాలోని క్రస్నోయార్స్క్ తోట. వ్సేవొలోద్ క్రుతోవ్‌స్కీ అనే ఆయన 1904లో దాన్ని మొదలుపెట్టాడు. యూరప్ రష్యాలోని పెద్దకాయ రకాలు కాయించాలని ఆయన పట్టుదల. అక్కడి చలికి అవి నిలబడి బతకలేవు. నిలబడితేనే కదా చావడం? పడుకోబెట్టాడు.

మొక్కను ఏటవాలుగా నాటుతారు. లేత కొమ్మలు పెరిగేకొద్దీ వాటిని నేలకు వంచి, కొయ్య కొక్కేలతో బిగిస్తారు. పైకి లేచే కొమ్మను ఎప్పటికప్పుడు వంచుతూనే ఉండాలి. లేత కొమ్మ వంగుతుంది, ముదిరాక విరుగుతుంది కాబట్టి ఏడాదైనా బద్ధకించడానికి లేదు. చెట్టు మోకాలెత్తు దాటకుండా నాలుగు పక్కలకూ పరుచుకుంటుంది. శీతకాలం రాగానే మంచు కురిసి దాన్ని పూర్తిగా కప్పేస్తుంది.

కొత్తగా పడిన మంచులో ఎక్కువ భాగం గాలే. అందుకే అది వేడిని బయటికి పోనివ్వదు. పైన గాలి మైనస్ 35 ఉన్నా అరమీటరు మంచు కింద నేల దగ్గర సున్నాకు కొద్ది డిగ్రీలే తక్కువ ఉంటుంది. చెట్టు ఆ కింద హాయిగా నిద్రపోతుంది. పైగా వేసవిలోనూ లాభమే. ఎండకు కాగిన నేల వెచ్చదనం దగ్గరగా తగిలి కాయ త్వరగా పండుతుంది.

ఇబ్బందులు లేవని కాదు. నేల గట్టిపడకముందే మంచు ముంచుకొస్తే ఆ తడిలో బెరడు కుళ్ళుతుంది. మంచు కింద ఎలుకలు సొరంగాలు తవ్వుకుంటూ వచ్చి బెరడును చుట్టూ కొరికేస్తాయి. వసంతంలో మంచు కరిగాక చూస్తే, చలికి బతికిన చెట్టు ఎలుకకు చచ్చి ఉంటుంది. అందుకే ఉత్తరాది తోటమాలులు చలికాలంలో అప్పుడప్పుడు వెళ్ళి చెట్ల మొదళ్ళ చుట్టూ మంచును కాళ్ళతో గట్టిగా తొక్కి వస్తారు. గట్టిపడిన మంచులో ఎలుక తవ్వలేదు. క్రుతోవ్‌స్కీ పోయి ఎనభై ఏళ్ళయినా ఆ తోట ఇంకా ఉంది.

కోటు మానేసి గింజలు కొన్నాడు

పీటర్ గిడియన్ అనే ఆయన 19వ శతాబ్దం మధ్యలో మిన్నెసోటా వచ్చి వేలకొద్దీ ఆపిల్ మొక్కలు వేశాడు. ఏడాది తర్వాత ఏడాది చలి వాటిని ఊడ్చేసింది. చివరికి ఒకే ఒక్క సైబీరియా రకం మొక్క మిగిలింది. చేతిలో ఉన్నది ఎనిమిది డాలర్లు, ఒంటిమీద కోటు లేదు. అయినా ఆ డబ్బు పెట్టి మెయిన్ రాష్ట్రం నుంచి మళ్ళీ గింజలు తెప్పించాడని, పాత బట్టల ముక్కలు కుట్టుకుని ఆ చలికాలం గడిపాడని అక్కడివాళ్ళు కథగా చెప్పుకుంటారు. ఆ గింజల్లోంచి వచ్చిన చెట్టు 1868లో కాసింది. దానికి భార్య పేరు పెట్టాడు, వెల్తీ అని. పేరు సంపదే గానీ ఇంట్లో ఉన్నది లేమి. ఆవిడ ఏమందో ఎవరూ రాసిపెట్టినట్టు లేదు.

కొవ్వు పట్టని మొక్కలు

రష్యాలో ఇవాన్ మిచురిన్ (1855–1935) మొదట్లో దక్షిణాది రకాలను తెచ్చి, మొండి మొక్కల మీద అంటు కట్టి, చలికి అలవాటు చేయాలని చూశాడు. చాలా ఏళ్ళు పోయాయి, చెట్లూ పోయాయి. అంటు కట్టినంత మాత్రాన రకం స్వభావం మారదని తేలింది. అప్పుడు దూరపు జాతులను సంకరం చేసే దారి పట్టాడు. ఇంకో వింత పని చేశాడు. సారవంతమైన నల్లనేలలో మొక్కలు ఏపుగా పెరిగి చలికి పోతున్నాయని, తోటనంతా ఎత్తి ఇసుక పర్ర నేలకు మార్చాడు. పొట్ట నిండని మొక్క వేసవిలోనే ఎదుగుదల ఆపి కొమ్మను ముదర్చుకుంటుంది, చలికి నిలుస్తుంది. ఇప్పటికీ ఉత్తరాది తోటల్లో నడివేసవి దాటాక నత్రజని ఎరువు వేయరు.

ఆయన బతికుండగానే, 1932లో, ఆయన ఊరు కొజ్లోవ్ పేరును మిచురిన్స్క్‌గా మార్చారు. ఆయన పోయాక లిసెంకో అనే సోవియట్ వ్యవసాయవేత్త ముఠా ఆ పేరు అడ్డుపెట్టుకుని జన్యుశాస్త్రం మీద చేసిన దాడి వేరే కథ. ఆపిల్ పుట్టిల్లు కనిపెట్టిన వావిలోవ్ ఆ రోజుల్లోనే జైలుపాలై, 1943లో సరాతోవ్ జైల్లో చనిపోయాడు.

ఆపిల్‌కు క్యాలెండర్ అక్కర్లేదు

చలిప్రాంతపు చెట్లలో చాలావాటికి శరదృతువు వచ్చిందని చెప్పేది పగటి పొడుగు. పగళ్ళు కురచవగానే ఎదుగుదల ఆపేస్తాయి. దక్షిణాది బిర్చ్‌ను తెచ్చి ఆర్కిటిక్‌లో నాటితే పాపం మోసపోతుంది. ఇంకా పగలు చాలా పొడుగుందనుకుని చిగురు వేస్తూనే ఉంటుంది, ఈలోగా మంచు వచ్చి మీద పడుతుంది.

ఆపిల్, పియర్ అలా కాదని నార్వే శాస్త్రవేత్తలు హైడే, ప్రెస్ట్రుడ్ 2005లో చూపించారు. వాటికి పగటి పొడుగుతో పనిలేదు. 12 డిగ్రీల లోపు చలి కొంతకాలం తగిలితే చాలు, దీపాలు వెలిగించి పెట్టినా సరే నిద్రలోకి జారుకుంటాయి. రాత్రే లేని చోట ఇది అదృష్టమే. శరదృతువు వెచ్చగా సాగి ఒక్కసారిగా చలి విరుచుకుపడితే మాత్రం చిక్కు.

నిద్ర చాలకపోతే ఇంకో బాధ

ఆపిల్ నిద్ర లేవాలంటే సాధారణంగా సున్నాకు, 7 డిగ్రీలకు మధ్య 800 నుంచి 1000 గంటలు గడవాలి. గడ్డకట్టే చలి ఈ ఖాతాలో పెద్దగా జమకాదు. ఖాతా నిండాక చెట్టును ఆపి ఉంచేది బయటి చలి ఒక్కటే. ఫిబ్రవరిలో ఒక వారం వెచ్చగా ఉంటే వసంతం వచ్చిందనుకుని సడలిపోతుంది, తర్వాత వచ్చే మైనస్ 25కే చస్తుంది. డిసెంబరులో అదే చెట్టు మైనస్ 35ను నవ్వుతూ భరించింది.

మన సమస్య దీనికి తలకిందులు. ఖాతాలో గంటలే ఉండవు. అందుకే తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలు వచ్చాయి. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు తీసిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 వాటిలో ఒకటి. కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో ఆపిల్ కాసిన వార్త 2020లో పేపర్లలో వచ్చింది, వెనుక హైదరాబాద్ సీసీఎంబీ సహకారం ఉంది.

కాండానికి సున్నం

మన రోడ్ల పక్క చెట్లకు సున్నం కొట్టడం చూస్తుంటాం. రష్యాలోనూ ఆపిల్ చెట్లకు కొడతారు, కారణం మాత్రం ఎండ! ఫిబ్రవరి, మార్చిల్లో వాలు పొద్దు, దానికి తోడు మంచు మీద నుంచి తిరిగొచ్చే వెలుతురు కలిసి కాండం నైరుతి పక్కను మధ్యాహ్నం వేడెక్కిస్తాయి. బెరడు కణాలు మేలుకుంటాయి. పొద్దుగుంకగానే ఉష్ణోగ్రత ఢామ్మని పడిపోతుంది. బెరడు పగిలి ఊడుతుంది. తెల్లరంగు ఆ వేడిని పట్టనివ్వదు.

పూలను కాపాడాలంటే ఐసు కట్టించాలి

జనవరిలో మైనస్ 30ను ఓర్చుకున్న చెట్టు మే నెలలో పూత మీద ఉన్నప్పుడు మైనస్ 2.2 డిగ్రీలకు పదో వంతు పూలు పోగొట్టుకుంటుంది. మైనస్ 3.9కి వందలో తొంభై పోతాయి. అరగంట చాలు.

ఆ రాత్రి రైతు చేసే పని చూస్తే పిచ్చి పట్టిందనుకుంటాం. స్ప్రింక్లర్లు తిప్పి పూల మీద నీళ్ళు చల్లుతాడు. నీరు గడ్డకడుతుంది, తెల్లవారేసరికి ప్రతి పువ్వూ ఐసు లోపల ఉంటుంది. పువ్వు మాత్రం బతికే ఉంటుంది. ఒక గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు 80 క్యాలరీల వేడి వదులుతుంది కాబట్టి, పైన కొత్త నీరు పడి గడ్డకడుతున్నంతసేపూ పువ్వు సున్నా దగ్గరే ఉంటుంది. నడిరాత్రి మోటారు ఆగిందా, అసలు చల్లకపోయినా బాగుండేది. అదే గ్రాము నీరు ఆవిరైతే, వదిలినదానికి ఏడున్నర రెట్లు వేడిని లాక్కుపోతుంది. పొడిగాలి వీచే రాత్రి ఈ ఉపాయం జోలికి పోకపోవడమే మేలు.

చెట్టు కాకపోతేనేం

ఇంత అవస్థ ఎందుకు, పొద పండ్లు పెంచుకోండి అని కెనడాలోని సస్కచెవాన్ విశ్వవిద్యాలయం వాళ్ళంటారు. హాస్కాప్ అనే నీలిరంగు కాయ వాళ్ళ ముద్దుబిడ్డ. పొద మైనస్ 47కు తట్టుకుంటుంది, విచ్చిన పువ్వు సైతం మైనస్ 7ను ఓర్చుకుంటుంది. ఆపిల్ పువ్వు పక్కన పెట్టి చూడండి తేడా. రష్యాలోని ఆల్తాయ్ ప్రాంతం వాళ్ళది సీ బక్‌థార్న్ పొద. మన లద్దాఖ్‌లో లేహ్ బెర్రీ పేరుతో రసం తీసి అమ్ముతున్నది దీన్నే. ఫిన్లాండ్ వాళ్ళయితే బురద నేలల్లో కాసే క్లౌడ్‌బెర్రీని 2 యూరోల నాణెం మీదే ముద్రించుకున్నారు.

మైనం బట్టీ వేడితో పీచ్ పండ్లు

తెల్ల సముద్రంలోని సొలొవెట్‌స్కీ దీవుల్లో, 65 డిగ్రీల అక్షాంశం మీద, ఒక రష్యన్ మఠం ఉంది. అక్కడి సన్యాసులు 1822లో తోట వేశారు. తర్వాత పక్కనే కొవ్వొత్తుల మైనం తెల్లబరిచే కార్ఖానా పెట్టి, దాని వేడిని గొట్టాల్లో అద్దాల గదుల నేల కిందికి పంపారు. పుచ్చకాయలే కాదు, పీచ్ పండ్లు కూడా పండించారు. వృథా వేడి అన్నమాట పుట్టకముందే దాన్ని వాడుకున్న ఘనులు.

ఐస్‌లాండ్ వాళ్ళకు మైనం బట్టీ కూడా అక్కర్లేదు, భూమి కిందే వేణ్ణీళ్ళున్నాయి. ఆ వేడితో నడిచే అద్దాల ఇళ్ళలో 1940ల నుంచి అరటి పండిస్తున్నారు. విదేశీ అరటి చవగ్గా దొరకడం మొదలయ్యాక వ్యాపారం మూతపడింది గానీ, హ్వెరాగెర్ది దగ్గర వ్యవసాయ విశ్వవిద్యాలయం తోట మాత్రం కొనసాగింది. వేడి ఉన్నా ఎండ చాలదు కనుక గెల చేతికి రావడానికి ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్ళు పడుతుంది. పండ్లను బజారుకు పంపరు, అక్కడి విద్యార్థులు, సిబ్బంది, చూడవచ్చినవాళ్ళు తినేస్తారు. రావులపాలెం మార్కెట్ యార్డులో ఈ లెక్క చెప్తే, ముందు పెట్టుబడి ఎవరు పెట్టారని అడుగుతారు.